రెంచి నుంచి బడ్జెట్ దాకా: దుబాయిలో మెరీనా ఉద్యోగం, నా అనుభవం

దుబాయిలో ఒక మెరీనాలో, అంటే ఓనర్లు తమ పడవలను అద్దెకు నిలుపుకునే రేవులో పనిచేస్తున్నాను. 2025 ఫిబ్రవరిలో నా వర్క్ పర్మిట్ మీద హోదా మారింది. ఇప్పుడు అక్కడ మేనేజర్ అని ఉంది. 2012లో అదే చోట కార్మికుడు అని ఉండేది. మధ్యలో ఏం జరిగిందో చెప్పమని మా ఉప్పాడ కుర్రాళ్ళు ఫోన్ చేస్తుంటారు. ఫోనులో తేలే సంగతి కాదు కనుక రాస్తున్నాను. ఒక విషయం ముందే చెప్పేస్తాను: నా విషయంలో ప్రతి మెట్టు దగ్గరా ముందు పని మారింది, చాలాకాలానికి హోదా మారింది, అన్నిటికంటే ఆఖరున జీతం మారింది. ఈ వరుస తెలియక మధ్యలో విసిగిపోయి వెళ్ళిపోయినవాళ్ళను చాలామందిని చూశాను.

నాన్న ఫైబర్ తెప్పల ఇంజన్లు బాగుచేసేవారు. నేను కాకినాడలో ఐటీఐ డీజిల్ మెకానిక్ చేశాను. 2012 జనవరిలో విశాఖపట్నంలో ఒక లాడ్జి గదిలో ఇంటర్వ్యూ జరిగింది. ఇంజన్ గురించి అడుగుతారని రాత్రంతా చదువుకుని వెళ్తే చేతికి తాడు ఇచ్చి ముడులు వేయమన్నారు. కళ్ళు మూసుకుని వేశాను. అంతే, ఎంపికయ్యాను. ఏజెంటు 70 వేలు అన్నాడు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే గల్ఫ్ పనికి వెళ్ళడానికి మన ప్రభుత్వ అనుమతి కోసమని విడిగా మరో 8 వేలు తీసుకున్నాడు. పదో తరగతి పాసైనవాడి పాస్‌పోర్టుకు ఆ క్లియరెన్స్ అవసరమే లేదని ఇక్కడికి వచ్చిన రెండేళ్ళకు ఒక హైదరాబాదీ అన్న చెప్పాడు. ఆ 8 వేలు అమ్మ చెవి దిద్దులు కుదువపెట్టి తెచ్చినవి. ఇప్పటికీ మండుతుంది.

వీసా రావడానికి నాలుగు నెలలు పట్టింది. వారంలో వస్తుందన్న మాట నమ్మి కాకినాడలో చేస్తున్న పని మానేసినందువల్ల ఆ నాలుగు నెలలూ ఇంట్లో ఊరికే కూర్చోవలసి వచ్చింది. జూన్ మొదటి వారంలో దుబాయిలో దిగాను. రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, వేలిముద్రలు అయ్యాయి. ఎమిరేట్స్ ఐడీ అనే ఇక్కడి గుర్తింపు కార్డు చేతికి వచ్చేదాకా దాదాపు నెల గడిచింది. అల్ ఖూజ్ అనే చోట కార్మికుల క్యాంపులో ఆరుగురికి ఒక గది. జీతం 1,100 దిర్హాంలు, అప్పట్లో దిర్హాం సుమారు పదిహేను రూపాయలు. ఇంటికి మొదటి డబ్బు పంపింది ఆగస్టులో. అప్పటిదాకా తిండికి గదిలోని మలయాళీ చేట్టన్ (అన్న) అప్పిచ్చాడు.

మెరీనా అంటే పడవలు, ఇంజన్లు అనుకుని వచ్చాను. మొదటి ఏడాది ఇంజన్ దగ్గరికి ఎవరూ రానివ్వలేదు. పడవలూ వాటి ఇంజన్లూ ఓనర్లవి, వాటిని చూసుకోవడానికి కెప్టెన్లు ఉంటారు. మనది పడవలు నిలిచే చోటు మాత్రమే. నీళ్ళ మీద తేలే పాంటూన్లు, మన గోదావరి పంటును ముక్కలుగా కోసి వరసగా కలిపి బిగించినట్టుంటాయి. సముద్రం అడుగున దిగేసిన స్తంభాలను పట్టుకుని, పోటుకు లేచి పాటుకు దిగుతాయి. స్తంభానికీ పాంటూనుకూ మధ్య రోలర్లు ఉంటాయి. అవి అరిగిపోతే రాత్రంతా కీచుమంటాయి, పక్కనున్న పడవలో పడుకున్న ఓనరు ఫోన్ చేస్తాడు. ఆ రోలర్లు మార్చడం, ముక్కల మధ్య బోల్టులు బిగించడం, నడకవంతెన కీళ్ళకు గ్రీజు పెట్టడం, మోకులు కట్టే క్లీట్లు కదులుతున్నాయేమో చూడటం, పాంటూన్ల అంచున పట్టిన గుల్లలు గీకడం, శీతాకాలంలో సముద్రపు పక్షుల రెట్టలు కడగడం నా పనులు. ఎక్కువ భాగం కడగడమే.

ఎండ గురించి అందరూ చెబుతారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పనిచేయించకూడదని ఇక్కడ చట్టం ఉంది. మా దగ్గర ఆ నియమం సరిగానే పాటించారు. కానీ ఎవరూ చెప్పనిది ఉక్క. తెల్లవారుజామున అయిదింటికే చొక్కా పిండితే నీళ్ళు కారేవి. మొదటి వేసవిలో కాళ్ళ వేళ్ళ మధ్య పుండ్లు పడి నడవలేకపోయాను. రబ్బరు బూట్లలో రెండు జతల మేజోళ్ళు మార్చుకోవాలని ఒక పఠాన్ పెద్దాయన నేర్పాడు. కొత్తగా వచ్చేవాళ్ళు పచ్చళ్ళ సీసాలకంటే ముందు నూలు మేజోళ్ళు ఓ డజను సర్దుకోండి.

ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టాను. పైకి రావాలని కాదు. రాత్రి షిఫ్టువాడు చేసిన పని పగటివాడికి తెలియక, చేసిన పనే మళ్ళీ చేయవలసి వస్తోందని. ఏ బెర్తు (ఒక్కో పడవ నిలిచే చోటు) దగ్గర ఏం చూశానో, ఏం బిగించానో, తేదీ వేసి తెలుగులో రాసుకునేవాడిని. ప్రతి బెర్తు దగ్గరా పడవలకు కరెంటూ మంచినీళ్ళూ ఇచ్చే పెట్టెలు ఉంటాయి, పెడస్టల్ అంటాం. వేసవిలో ఓనర్లు ఐరోపా వెళ్ళిపోయినా లోపలి తోలు సోఫాలు బూజు పట్టకుండా ఏసీలు రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. అంత కరెంటు ఆగకుండా లాగుతుంటే, ఉప్పుగాలికి పచ్చబారిన ప్లగ్గు పుల్లలు వేడెక్కి నల్లబడతాయి. ప్లగ్గు మీద చెయ్యి పెడితేనే తెలిసిపోతుంది. నేను విప్పకూడదు, అది ఎలక్ట్రీషియన్ పని. చెప్పగలను, రాయగలను.

2014 వేసవిలో ఒక పెద్ద పడవ ఏసీలు పాడయ్యాయి. మెరీనా కరెంటే పాడుచేసిందని ఓనరు నష్టపరిహారం అడిగాడు. ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చాడు. ఆ పడవ ప్లగ్గు తుప్పు పట్టిందనీ మార్చుకోమని కెప్టెన్‌కు చెప్పామనీ ఎలక్ట్రీషియన్ అన్నాడు. రుజువేదీ అని అడిగారు. నా పుస్తకంలో మూడు చోట్ల ఉంది, తేదీతో సహా. కానీ తెలుగులో ఉంది. మేనేజరు ఇంగ్లండాయన. ఆయన గదిలో మొదటిసారి కుర్చీలో కూర్చుని, నేను చదువుతూ వచ్చీరాని ఇంగ్లీషులో చెబుతుంటే సర్వేయరు రాసుకున్నాడు. తరువాత ఆ వాదన ఆగిపోయింది. మర్నాడు మేనేజరు ఒక కొత్త రిజిస్టరు, రెండు పెన్నులు ఇచ్చి ఇకనుంచి ఇంగ్లీషులో రాయమన్నాడు. బహుమానం ఏమీ లేదు, జీతం పెరగలేదు.

ఆ రిజిస్టరుతో నా పని మారింది. 2015 చివరికల్లా రోజూ పొద్దున్న ఎవరు ఎక్కడికి వెళ్ళాలో పంచేది నేనే. డైవర్లు నీళ్ళ అడుగున గొలుసులు, వాటిని కలిపే షాకిల్‌లు, తుప్పును తమ మీదకు లాక్కునే జింకు దిమ్మెలు తనిఖీ చేస్తే, వాళ్ళు చెప్పినది రాసుకుని ఏది ముందు మార్చాలో చెప్పేది నేనే. సూపర్‌వైజరు అన్న మాట కాగితం మీదకు వచ్చింది మాత్రం 2017 మేలో. ఆ మధ్య కాలంలో రెండుసార్లు అడిగాను. మొదటిసారి బడ్జెట్ లేదన్నారు. రెండోసారి అడిగేటప్పుడు నేను చేస్తున్న పనుల పట్టిక ఒక పేజీలో రాసి, సూపర్‌వైజరు ఉద్యోగ వివరణ కాగితాన్ని పక్కన పెట్టి ఇచ్చాను. వాళ్ళు ఏమీ మాట్లాడలేదు. ఆరు వారాలకు ఉత్తరం వచ్చింది. జీతం 2,600 అయింది.

ఈలోగా సొంత డబ్బుతో రెండు చిన్న కోర్సులు చేశాను. ఒకటి ఆర్‌వైఏ అనే బ్రిటన్ పడవల సంఘం వారి పవర్‌బోట్ లెవెల్ 2, ఇంజన్ పడవ నడపడం నేర్పేది, రెండు రోజులు. రెండోది పడవలతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో కోర్సు. రెండూ కలిపి నెలన్నర జీతం. తెప్ప నడిపినవాడికి పడవ నడపడం నేర్పేదేమిటని మా గదివాళ్ళు నవ్వారు. నిజమే, నడపడం కొత్త కాదు. సముద్రంలో అలకు ఎదురెళ్ళడం వచ్చినవాడికి ఇరుకు బెర్తులో, పక్కగాలిలో, కోట్ల విలువైన రెండు పడవల మధ్యకు అంగుళం అంగుళం జరపడం రాదు. ముందు ఏ తాడు కట్టాలి, గాలి ఎటునుంచి వస్తే ఏది బిగించాలి అన్నది మాకు అలవాటైన పద్ధతికి తిరగేసి ఉంటుంది. షమాల్ అనే వాయవ్యపు గాలి లేచిన రోజు ఆ రెండు రోజుల చదువు విలువ తెలుస్తుంది. రేడియో కోర్సు వల్ల ఇంకో లాభం కలిగింది. తక్కువ మాటల్లో, తడబడకుండా ఇంగ్లీషు మాట్లాడటం రేడియోలోనే నేర్చుకున్నాను. అక్కడ వ్యాకరణం ఎవరూ చూడరు, బెర్తు నంబరు సరిగా చెబితే చాలు.

సూపర్‌వైజరు అయ్యాక సుఖపడ్డానని అనుకుంటారు. ఆ ఏడాదే అన్నిటికంటే కష్టం. క్యాంపు నుంచి స్టాఫ్ ఫ్లాటుకు మార్చారు. గదిలో ఇద్దరమే, కానీ రాత్రి వంట దగ్గర మాట్లాడటానికి ఎవరూ లేరు. పాత గదికి వెళ్తే పేకాట ఆపేసి టీ పోసేవారు. అది మర్యాదో దూరమో నాకు తెలుసు.

అంతకు ఏడాది ముందే మా మేనత్త కొడుకును ఇదే మెరీనాకు తీసుకొచ్చాను. బావ ఈతలో నాకంటే గట్టివాడు. లైఫ్ జాకెట్ వేసుకోమంటే సిగ్గుపడేవాడు. రెండుసార్లు నోటితో చెప్పాను. మూడోసారి రాత్రి షిఫ్టులో జాకెట్ లేకుండా పాంటూను అంచున పనిచేస్తుండగా సేఫ్టీ ఆఫీసరు కంటపడ్డాడు. హెచ్చరిక ఉత్తరం నా సంతకంతో వెళ్ళాలి.

"ఏం బావా, మనవాళ్ళ మీద మనమే కాగితాలా?" అన్నాడు.

"రేపు నువ్వు నీళ్ళలో పడితే అత్తకు నేనేం చెప్పాలి బావా?"

"నీళ్ళలో పడితే ఈదుతాను. నువ్వు కాగితంలో పడేశావు."

ఆ తరువాత చాలా నెలలు నాతో మాట్లాడలేదు. ఊళ్ళో మా అత్తకు వేరేలా చెప్పాడు, అమ్మ ఫోనులో ఏడ్చింది. ఆ ఉత్తరం మళ్ళీ రాయవలసి వస్తే మళ్ళీ రాస్తాను. రాత్రిపూట నిద్రమత్తులో ఉన్నవాడు పాంటూనుకూ పడవకూ మధ్య జారితే ఈత పనికిరాదు, పడవ బరువు నలిపేస్తుంది. బావ ఇప్పుడు అబూ ధాబీలో వేరే చోట పనిచేస్తున్నాడు. పండక్కి ఫోన్ చేస్తాడు.

ఇక డిగ్రీ సంగతి. సగం ఆలస్యం ఇక్కడే జరిగింది కాబట్టి జాగ్రత్తగా చదవండి. యూఏఈలో మేనేజరు హోదాతో వర్క్ పర్మిట్ కావాలంటే ముద్రలన్నీ పడిన డిగ్రీ పట్టా చూపించాలి. ఎంత పనితనమున్నా ఐటీఐతో ఆ హోదా కార్డు మీదకు రాదు. నేను 2014లోనే దూరవిద్యలో బీకాం కట్టాను. పరీక్షలు సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు రాసేవాడిని. విశ్వవిద్యాలయం పరీక్షలు నా సెలవులను చూసి పెట్టదు కదా. రెండుసార్లు టికెట్టు కొన్నాక తేదీలు మార్చారు. మూడేళ్ళ డిగ్రీ అయిదేళ్ళు పట్టింది. 2019లో పాసయ్యాను. తాత్కాలిక సర్టిఫికెట్ చాలదు, అసలు పట్టా కావాలన్నారు. దానికి దరఖాస్తు చేస్తే కరోనా వచ్చిపడింది. పట్టా ఇంటికి చేరింది 2021లో. దాని మీద ముందు మన రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, తరువాత ఢిల్లీ విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర, చివరికి ఇక్కడి విదేశాంగ మంత్రిత్వ శాఖ ముద్ర పడాలి. ఆఖరి ముద్రకు 150 దిర్హాంలు. మిగతావి ఒక ఏజెన్సీకి అప్పగిస్తే 14 వేల రూపాయలు, మూడు నెలలు. విశ్వవిద్యాలయం నుంచి పట్టా అసలుదేనన్న జవాబు రావడానికే ఆ మూడు నెలల్లో సగం పోయింది. ఊళ్ళో ఉన్నప్పుడే ముద్రలు వేయించుకుని విమానం ఎక్కేవాడికి ఈ తిప్పలు ఉండవు.

2020 ఏప్రిల్‌లో దుబాయి అంతా మూసేశారు. అనుమతి ఉంటే తప్ప రోడ్డు మీదకు రాకూడదు. మాకు అనుమతి ఉంది, ఎందుకంటే పడవలకు లాక్‌డౌన్ తెలియదు. పడవలో చేరే నీటిని తోడే పంపులు బ్యాటరీ మీద నడుస్తాయి. బ్యాటరీ పోతే పంపు ఆగుతుంది, పంకాను తిప్పే షాఫ్టు దగ్గర బొట్లు బొట్లుగా కారే నీరే వారాల్లో పడవను ముంచేస్తుంది. ఓనర్లు లండన్‌లో, ముంబయిలో, రియాద్‌లో చిక్కుకుపోయారు. సగం మంది కెప్టెన్లు కూడా లేరు. రోజూ రెండు పూటలా ప్రతి పడవ నీటి గీత ఎంత మునిగిందో చూసి, ఓనరుకు ఫోనులో చిన్న వీడియో పంపేవాళ్ళం. ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టాం. జీతంలో మూడో వంతు కోశారు, ఆరు నెలల తరువాత పునరుద్ధరించారు, కోసింది తిరిగి ఇవ్వలేదు. కానీ ఆ వీడియోలు చూసిన ఓనర్లు నన్ను పేరుతో పిలవడం మొదలైంది. అంతకుముందు నేను వాళ్ళకు కనబడేవాడిని కాదు.

2021 నవంబరులో కంపెనీ నన్ను ఇంటర్మీడియట్ మెరీనా మేనేజర్ కోర్సుకు పంపింది. గ్లోబల్ మెరీనా ఇన్‌స్టిట్యూట్ అనే అంతర్జాతీయ సంస్థది. దాని తరువాత అడ్వాన్స్‌డ్ కోర్సు, ఆపైన అనుభవం చూపితే సర్టిఫైడ్ మెరీనా మేనేజర్ అన్న అర్హత. ఫీజు కంపెనీ కట్టింది, బదులుగా రెండేళ్ళు ఉద్యోగం మానకూడదని సంతకం తీసుకుంది. సంతకం పెట్టేముందు ఆ షరతు చదవండి. మానేస్తే ఫీజంతా తిరిగి కట్టాలి.

ఆ వారమంతా నాకు తల తిరిగింది. బోల్టుల గురించి ఎవరేమడిగినా చెప్పగలను. ఒక మీటరు పాంటూను ఏడాదికి ఎంత సంపాదిస్తోంది అని అడిగితే నోరు పెగల్లేదు. బెర్తు అద్దె పడవ పొడవును బట్టి కడతారు. పన్నెండు మీటర్ల బెర్తులో తొమ్మిది మీటర్ల పడవ పెడితే మూడు మీటర్ల నీళ్ళు ఊరికే పోతాయి. రెండు పొట్టల కాటమరాన్ వస్తే పక్క బెర్తు కూడా పోతుంది, దాని లెక్క వేరు. ఈ రాత్రి ఖాళీగా ఉన్న బెర్తును రేపు రెండుసార్లు అమ్ముకోలేం. తొమ్మిదేళ్ళు ఆ పాంటూన్ల మీద నడిచిన నాకు అవి డబ్బులా కనబడింది ఆ వారంలోనే. తిరిగి వచ్చాక కడగడం షెడ్యూలు కూడా వేరేగా వేశాను: అద్దె ఎక్కువ వచ్చే వరస ముందు.

2022 మార్చిలో అసిస్టెంట్ మేనేజర్ బాధ్యతలు ఇచ్చారు. కార్డు మీద మాత్రం సూపర్‌వైజరే. ఈ స్థాయిలో చేతికి నూనె అంటదు, నోటికి చేదు అంటుతుంది. బకాయిల వసూలు నాది. కరోనా తరువాత ఓనర్లలో కొందరు దివాలా తీశారు, కొందరు దేశం విడిచి వెళ్ళిపోయారు. పడవ మాత్రం ఉండిపోతుంది, అద్దె పెరుగుతుంది, ఇన్సూరెన్స్ గడువు తీరుతుంది. ఇన్సూరెన్స్ లేని పడవ నిప్పంటుకుంటే పక్కవాళ్ళ నష్టం ఎవరు భరిస్తారు? అలాగని వదిలేసిన పడవను మన ఇష్టానికి ఎత్తి పారేయలేం, అమ్మలేం. నోటీసులు, లాయరు, కోర్టు. ఒక చిన్న చేపల పడవ కోసం ఏడాదిన్నర తిరిగాను. చివరికి వేలంలో వచ్చింది లాయరు ఖర్చుకు కూడా చాలలేదు. ఒక పెద్దాయన, ఈజిప్టువాడు, ఫోనులో నాతో మాట్లాడుతూ ఏడ్చాడు. భార్య వైద్యానికి పడవ అమ్ముతున్నాననీ, ఒక్క నెల ఆగమనీ అడిగాడు. ఆగడానికి నాకు అధికారం లేదు. అధికారం ఉన్నాయన దగ్గర మూడు రోజులు కూర్చుని ఆ నెల ఇప్పించాను. ఆయన అమ్మి, పైసాతో సహా కట్టాడు. అందరూ అలా కట్టరు, అది కూడా చెప్పాలి.

2022 చివర్లోనే భార్యనూ పాపనూ తెచ్చుకున్నాను. కుటుంబ వీసాకు 4,000 దిర్హాంల జీతం, లేదా వసతితో పాటు 3,000 ఉంటే చాలు. అర్హత 2019లోనే వచ్చింది, ధైర్యం రావడానికి మూడేళ్ళు పట్టింది.

2024 జనవరిలో మా మేనేజరు వేరే దేశం వెళ్ళిపోయాడు. కొత్తవాళ్ళు వచ్చేదాకా నన్ను చూసుకోమన్నారు. తాత్కాలికం అన్నారు, నెలకు 1,500 దిర్హాంల అలవెన్సు ఇచ్చారు. ఏప్రిల్ 16న ఆ వాన వచ్చింది. ఈ దేశంలో 1949లో లెక్కలు మొదలయ్యాక అంత వాన ఎప్పుడూ పడలేదు. వాతావరణ హెచ్చరిక ముందు రోజే వచ్చింది కనుక రాత్రి షిఫ్టువాళ్ళను ఇంటికి పంపకుండా ఆపాను, క్యాంటీన్‌లో రెండు రోజుల బియ్యం, గుడ్లు తెప్పించాను. మంచి పనే అయింది. మర్నాడు రోడ్లు మునిగి, క్యాంపు నుంచి ఒక్క మనిషి కూడా రాలేకపోయాడు.

తేలే పాంటూన్లకు వానతో బెంగ లేదు. బెంగ పడవల వెనుక భాగంలో ఉండే తెరిచిన డెక్కులతో. అక్కడి నీళ్ళు పోయే రంధ్రాల్లో ఏడాది పొడవునా చేరిన ఇసుక, ఆకులు అడ్డుపడి, వాన నీరు కింద ఇంజను గదిలోకి దిగుతుంది. ఈ ఎడారి దేశంలో ఆ రంధ్రాలు శుభ్రం చేయాలని ఎవరికీ తోచదు. ఉప్పాడలో వానాకాలం మొదటి పని అదే కనుక నాకు తోచింది. వరసలు పంచుకుని, చీపురు పుల్లలతో, వేళ్ళతో పొడుస్తూ వెళ్ళాం. నీళ్ళు చేరిన పెడస్టళ్ళకు కరెంటు ఆపేశాం. ఓనర్లు ఫోనుల్లో అరిచారు, అరవనిచ్చాం. రోడ్డు మీది చెత్తంతా కాలువల్లోంచి మెరీనాలోకి కొట్టుకొచ్చింది. దాన్ని ఏరడానికి రెండు వారాలు పట్టింది. ఒక పడవా మునగలేదు. రెండు ఇంజను గదుల్లోకి నీరు చేరింది, వాటి క్లెయిములు ఏడాది చివరిదాకా నడిచాయి.

ఇంత జరిగాక ఉద్యోగం నాకే ఇస్తారనుకున్నాను. ప్రకటన వేశారు. అక్టోబరులో బయటివాళ్ళతో పాటు నేనూ ఇంటర్వ్యూకు కూర్చున్నాను. వాన గురించి ఒక్క ప్రశ్న అడిగారు. మిగతా గంటన్నర అంతా రాబోయే అయిదేళ్ళలో స్తంభాలకూ పాంటూన్లకూ ఎంత ఖర్చవుతుంది, విద్యుత్ పడవలు పెరిగితే ఇప్పుడున్న కరెంటు లైన్లు చాలుతాయా, ఖాళీ బెర్తులు వేసవిలో ఎవరికి ఇస్తావు అని. 2014 నుంచి ఉన్న రిజిస్టర్లలోంచి ఏ వరసలో ఎన్నేళ్ళకు రోలర్లు మార్చామో, గొలుసు ఎంత అరిగిందో తీసి, పట్టికగా వేసి తీసుకెళ్ళాను. వాళ్ళు ఆ పట్టికతోనే ఎక్కువసేపు గడిపారు. తరువాత మూడు నెలలు మౌనం. ఆ మూడు నెలలూ రోజూ అదే మేనేజరు పని చేస్తూ, వేరేవాళ్ళు వస్తే తాళాలు ఎలా అప్పగించాలా అని ఆలోచిస్తూ గడిపాను. నిద్ర సరిగా పట్టేది కాదు. నా భార్య అయితే సామాన్లు కొనడం కూడా ఆపేసింది. 2025 జనవరి ఆఖరున ఉత్తరం వచ్చింది. డిగ్రీ మీద ముద్రలన్నీ సిద్ధంగా ఉన్నందువల్ల పర్మిట్ మార్పు వారం రోజుల్లో అయిపోయింది.

జీతం నెలకు 14,500 దిర్హాంలని విని ఊళ్ళో పెద్ద లెక్కలు వేస్తున్నారు. వాళ్ళ కోసం అసలు లెక్క చెబుతాను. మేనేజరుకు కంపెనీ ఫ్లాటు లేదు. అల్ నహ్దాలో రెండు గదుల ఇల్లు ఏడాదికి 72,000, నాలుగు చెక్కులు ముందే రాసివ్వాలి. పాప బడి, కారు వాయిదా, పెట్రోలు. ఇదివరకు బస్సు కంపెనీది. మేనేజరు అయ్యాక మొదటి ఆరు నెలల్లో ఇంటికి పంపినది, సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు పంపిన దానికంటే తక్కువ.

ఇంకొకటి, ఉత్తరం చేతికి వచ్చినప్పుడు అడుగున ఉండే మొత్తం కాకుండా, పైవరసలో ఉండే బేసిక్ (మూల జీతం) చూడండి. నా 14,500లో బేసిక్ 5,000 మాత్రమే, తక్కినదంతా అలవెన్సులు. ఇక్కడ ఉద్యోగం వదిలి వెళ్ళేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని చివరి బేసిక్ మీదే లెక్కకడతారు, మొదటి అయిదేళ్ళకు ఏడాదికి 21 రోజుల చొప్పున, ఆపైన 30 రోజుల చొప్పున. అంటే 2012 నుంచి గడిచిన ఏళ్ళన్నిటి విలువా ఆ ఒక్క వరసను బట్టి ఉంటుంది. బేసిక్ పెంచమని మార్చిలో రాశాను. వచ్చే ఏడాది బడ్జెట్‌లో చూద్దామని జవాబు వచ్చింది. వచ్చే ఏడాది మెరీనా బడ్జెట్ తయారుచేసేది నేనే, అక్టోబరు లోపల ఇవ్వాలి. జీతాల పట్టికలో నా వరసను స్తంభాల మరమ్మతుకు ముందు పెట్టాలో తరువాత పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.